పిచ్చుక బల్ల

క్రిస్మస్‌కి ఏం కావాలని అడిగిన పాపానికి, బుడంకాయ డోలు కావాలని కూర్చున్నాడు.

"డోలు కొంటే ఈ గదిలో నువ్వైనా ఉండాలి, మేమైనా ఉండాలి," అంది వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ. "ఇంకేదైనా చెప్పు."

ఆరేళ్ళవాడు కాసేపు ఆలోచించి, "అయితే రెండు డోళ్ళు," అన్నాడు.

అందరూ నవ్వారు. నవ్వనిది పిచ్చుక ఒక్కతే. వాడికన్నా నాలుగేళ్ళు పెద్దది. మాటలు వచ్చినప్పటినుంచీ నోరు మూయదని ఆ పేరు పెట్టారు గానీ, ఏదైనా నిజంగా కావాలనుకున్నప్పుడు మాత్రం దానికి మాట పెగలదు. ఇస్త్రీ బల్ల మీద ఓ మూల పుస్తకం పెట్టుకుని హోంవర్కు రాసుకుంటూ, తలెత్తకుండానే చెప్పింది.

"నాకో బల్ల కావాలి. చిన్నదే. దానికో సొరుగుండాలి. సొరుగుకి తాళం ఉండాలి."

ఆ ఇంట్లో వండుకునేదీ తినేదీ పడుకునేదీ అంతా ఒకే గదిలో. వాళ్ళమ్మ పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, సాయంత్రం చుట్టుపక్కలవాళ్ళ బట్టలు తెచ్చుకుని ఇంట్లో చేస్తుంది. బట్టల దొంతర పెరిగేకొద్దీ పిచ్చుక పుస్తకం అంచుకు జరిగి జరిగి చివరికి ఒళ్ళోకి వచ్చేస్తుంది. అది దాచుకున్న రంగు పెన్సిళ్ళు, ఎక్కడ పెట్టినా సరే, బుడంకాయ నోట్లో తేలతాయి.

"చూద్దాంలే," అన్నాడు వాళ్ళ నాన్న. ఆ మాటకు అర్థమేమిటో పిల్లలిద్దరికీ తెలుసు. పిచ్చుక మళ్ళీ పుస్తకంలో తలదూర్చింది.

కానీ ఈసారి ఆయన నిజంగానే చూద్దామనుకున్నాడు. ఆయన చేసేది చెక్క సామాన్లకు పాలిష్ పట్టే పని. పని చేసేది సొంత అన్న షోరూంలో. ఒకప్పుడు అది షోరూం కాదు, వాళ్ళ నాన్న నడిపిన చిన్న వడ్రంగి షెడ్డు. ఆయన పోయాక అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపారు. అన్నకు బేరం తెలుసు, తమ్ముడికి చెక్క తెలుసు. తర్వాత తమ్ముడికి సొంతంగా బతుకుదామనే బుద్ధి పుట్టింది. వేరుపడి, పల్లంలో ఓ షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. మొదటి వానాకాలమే నీళ్ళొచ్చి లోపలున్న చెక్కంతా ఉబ్బిపోయింది. చేసిన మంచాలు చేసినట్టే వంకర్లు తిరిగాయి. అటూ ఇటూ తిరిగి, మళ్ళీ అన్న గుమ్మంలో నిలబడ్డాడు. అన్న ఒక్క మాట కూడా దెప్పలేదు. "రేపట్నించి వచ్చెయ్," అన్నాడంతే. వచ్చాక తెలిసింది, రమ్మన్నది భాగానికి కాదు, జీతానికని.

షోరూం వెనక గోడ దగ్గర పాత సామాన్లు పడేసే చోటుంది. అక్కడ కాళ్ళు విరిగిన అద్దాల బల్ల ఒకటి చాలాకాలంగా వానకు నానుతోంది. ఎవరో కొన్నవాళ్ళు పగలగొట్టుకుని వెనక్కి పంపింది. అద్దం పోయింది గానీ చెక్క గట్టిది. పాలిష్ ఆయన దాన్ని విప్పి, పనికొచ్చే పలకలు ఏరి, షోరూం వెనకున్న పని షెడ్డులో ఓ మూల ఆరబెట్టాడు. రోజూ పని అయిపోయాక ఓ గంట ఉండిపోయేవాడు. చిత్రిక పట్టాడు. పగుళ్ళలో లప్పం పూశాడు. ఉప్పుకాగితం పెట్టి రుద్ది రుద్ది, బుగ్గ ఆనించినా గీసుకోనంత నున్నగా చేశాడు. నాలుగు కాళ్ళకీ అంచులు గుండ్రంగా తిప్పాడు, బుడంకాయ పరుగెత్తుకొచ్చి తల కొట్టుకుంటాడని. సొరుగు వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా వెళ్ళి కూర్చుంటుంది. తాళం మాత్రం కొత్తదే కొన్నాడు.

భార్యకు ఒక్కదానికే చెప్పాడు. పిల్ల నిద్రలేచేసరికి గదిలో బల్ల ఉండాలని ఇద్దరూ అనుకున్నారు. ఆ మంచం అటు జరపాలి, ఆ ట్రంకుపెట్టె కిందకి తొయ్యాలి అని ఇద్దరూ గుసగుసలాడుకుంటుంటే, "నాకు చెప్పకుండా ఏం మాట్లాడుకుంటున్నారు?" అని పిచ్చుక ప్రాణం తీసేది.

పండక్కి కొద్దిరోజుల ముందు అన్న షెడ్డులోకి వచ్చాడు. మామూలుగా రాడు, థిన్నర్ వాసన పడదాయనకి. మూల దుప్పటి కప్పి ఉన్నదాన్ని చూసి, దుప్పటి లేపాడు.

"ఎవరి ఆర్డర్రా ఇది?"

"ఆర్డర్ కాదన్నయ్యా. పిచ్చుకకి, పండక్కని. ఆ గోడ దగ్గర పడేసిన అద్దాల బల్లుంది చూడు, దాంతో చేశాను."

అన్న వంగి, సొరుగు లాగి, తోసి, మళ్ళీ లాగాడు. చెక్క మీద అరచెయ్యి ఆనించి అటునుంచి ఇటు రాశాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న అలాగే రాసి చూసేవాడు.

"నాన్న చెయ్యి నీకే వచ్చిందిరా," అన్నాడు. తమ్ముడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ మాట పట్టుకుని పాలిష్ ఆయన ఆ సాయంత్రం ఇంటిదాకా నడిచే వెళ్ళాడు. బస్సెక్కాలని కూడా తోచలేదు.

ఆ ఏడు అన్న, పనివాళ్ళ పిల్లలందరికీ షోరూంలో కానుకలు పంచుతానన్నాడు. పండగ ముందురోజు మధ్యాహ్నం సోఫాలన్నీ పక్కకు జరిపి, మధ్యలో చెట్టు పెట్టి, చుక్క కట్టి, ఫోటోలు తీసేవాణ్ణి పిలిపించారు. పనివాళ్ళు ఉతికిన చొక్కాలు వేసుకుని పెళ్ళాం పిల్లలతో వచ్చారు. పాలిష్ ఆయన కూడా వాళ్ళతోపాటే వచ్చాడు. వచ్చి చూస్తే, చెట్టు కింద ఎర్ర రిబ్బను కట్టించుకుని తన బల్ల కూర్చుని ఉంది.

"ఏవండీ, అది..." అంది భార్య.

"ఊరుకో. కనుక్కొస్తాను."

అన్న తన గదిలో టై సరిచేసుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఆ బల్ల నేను పిచ్చుక కోసం చేసింది."

"తెలుసురా. దానికే ఇస్తున్నాం. వేరేవాళ్ళకిస్తే అడుగు."

"నేనిద్దామనుకున్నాను. ఇంట్లో."

అన్న నవ్వాడు. వెటకారంగా కాదు, చిన్నపిల్లాడి మాటకు నవ్వినట్టు. "ఎవరిస్తే ఏంట్రా? చెక్క షాపుది, పాలిష్ షాపుది, నువ్వు కూర్చుని చేసిన షెడ్డు షాపుది. నేనేమన్నా అన్నానా? చేరాల్సినచోటికే చేరుతోంది కదా."

"అది పారేసిన చెక్క."

"పారేసినా నాదేగా." ఆ మాట తనకే గట్టిగా వినిపించిందేమో, గొంతు తగ్గించాడు. "అందరి పిల్లలకీ బంతులు తెప్పించాను. నా తమ్ముడి కూతురి చేతిలో కూడా బంతి పెడితే బాగుంటుందా చెప్పు? నీ కోసమేరా."

అన్న ఆ మాట మనసులోంచే అన్నాడు. తమ్ముడికి నోరు రాకపోవడానికి కారణం అదే. మోసమైతే తిట్టి ఉండేవాడు.

బయట మేనేజర్ పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాడు. అతణ్ణి పనివాళ్ళు వెనకాల 'టేపు' అంటారు. కొలిచిన పాపాన పోడు గానీ మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది. "పేరు పిలవగానే రావాలి. రెండు చేతుల్తో తీసుకోవాలి. 'థాంక్యూ సార్' అనాలి. కెమెరా వైపు చూడాలి," అని చెప్పాడు. కుర్చీల్లో అన్న భార్యా, కూతురూ కూర్చున్నారు. పిచ్చుక ఆ అక్క పక్కన కూర్చుందామని అటు పరుగెత్తింది. టేపు దాని చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి, లారీ డ్రైవర్ కొడుకు వెనకాల నిలబెట్టాడు.

పిల్లలు ఒక్కొక్కరే వెళ్ళి బంతులు తెచ్చుకున్నారు. బుడంకాయ బంతి తీసుకుని, కెమెరా వైపు కాకుండా కేకు వైపు చూశాడు. అందరూ నవ్వారు. చివరికి పిచ్చుకను పిలిచి, బల్ల చూపించారు.

దాని ముఖం చూసి తీరాలి. నోరు తెరిచింది గానీ మాట రాలేదు. బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, సొరుగు లాగి, తాళం చూసి, ఒక్క గంతున లేచింది.

"పెదనాన్నా! ఇది నాకేనా? పెదనాన్నా..."

"సార్ అనాలి పాపా, ఇక్కడ," అన్నాడు టేపు మెల్లగా.

పిచ్చుక ఆగింది. పెదనాన్న వైపు చూసింది, కాదంటాడేమోనని. ఆయన కెమెరా వైపు తిరిగి ఉన్నాడు. విన్నాడు, విననట్టున్నాడు. పిల్ల చేతులు రెండూ దగ్గరికి చేర్చుకుంది.

"థాంక్యూ సార్."

కెమెరా మెరిసింది. చప్పట్లు కొట్టారు. పాలిష్ ఆయన కూడా కొట్టాడు. అందరూ కొడుతుంటే చేతులు వాటంతటవే కలిశాయి.

షోరూం వ్యానులోనే బల్ల ఇంటికి చేరింది. పండగరోజు పొద్దున్నించీ పిచ్చుక దాని దగ్గరనుంచి లేవలేదు. పెన్సిళ్ళు సర్దింది, తీసింది, మళ్ళీ సర్దింది. అన్నానికి కూర్చోబెడితే దాని నోట్లో ముద్ద కంటే పెదనాన్న పేరే ఎక్కువ. "నాకు బల్లే కావాలని పెదనాన్నకి ఎలా తెలిసిందమ్మా? సొరుగుండాలని కూడా తెలుసు. పెదనాన్న ఎంత మంచోడో కదా! నాన్నా, నువ్వెందుకు పెదనాన్నలా షాపు పెట్టలేదు?"

వాళ్ళమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

"పెదనాన్న కాదే, మీ నాన్న చేశాడు! రోజూ పనయ్యాక కూర్చుని, వేళ్ళు కొట్టుకుపోయేలా రుద్ది చేశాడు. వాళ్ళు రిబ్బను కట్టారంతే."

"ఎందుకే ఇప్పుడు," అన్నాడాయన.

పిచ్చుక నవ్వింది, వేళాకోళమనుకుని. తర్వాత తండ్రి ముఖం చూసింది. "నిజమా నాన్నా?"

"ఆ."

దాని కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. ఆ వెలుగు కోసమే కదా ఇన్నాళ్ళూ షెడ్డులో కూర్చున్నది అనుకున్నాడు. కానీ అది నిలవలేదు. పిల్ల ఏదో లెక్క సరిపోనట్టు కనుబొమ్మలు ముడిచింది.

"మరి నువ్వక్కడే ఉన్నావుగా. నా వెనకాలే నించున్నావు. ఎందుకు చెప్పలేదు?"

ఆయన కంచంలోకి చూశాడు.

"నేను వాళ్ళకి థాంక్యూ చెప్పాను," అంది పిచ్చుక. "సార్ అన్నాను."

"పెద్దవాళ్ళ సంగతులు నీకెందుకే, అన్నం తిను," అని తల్లి కసిరింది. చెప్పి తప్పు చేశానని అప్పటికే ఆమెకు అర్థమైంది. పిచ్చుక అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బల్ల దగ్గరికి కాకుండా మంచం మీదకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులకు మళ్ళీ బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. పిల్ల కదా. కానీ లెక్కలు రానప్పుడు నాన్నను అడిగేది కాస్తా ఇప్పుడు అమ్మను అడుగుతోంది. అమ్మకు లెక్కలు రావు.

షోరూంలో ఫోటో పెద్దది చేయించి గోడకు తగిలించారు. దాన్ని చూసి అలాంటి బల్ల కావాలని అడిగేవాళ్ళు మొదలయ్యారు. అన్న కబురు పెట్టాడు. పాలిష్ ఆయన మంచి చెక్కతో, షాపు సమయంలోనే, అలాంటివి చేశాడు. మొదటిదాన్ని షోరూంలోకి మోసుకొచ్చి దించేటప్పటికి, ఓ పెద్దమనిషి కూతుర్ని వెంటబెట్టుకుని అక్కడే ఉన్నాడు. ఆ పిల్ల సొరుగు తోసి తోసి మురిసిపోతోంది.

"పనితనం బాగుందండీ," అన్నాడు పెద్దమనిషి. "ఎవరు చేశారు?"

"మా దగ్గర ఒక పనివాడున్నాడులెండి," అన్నాడు అన్న.

పాలిష్ ఆయన చేతిలో తుడిచే గుడ్డ ఉంది. అది పట్టుకుని వెళ్ళిపోబోయాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"నేనే చేశానండీ," అన్నాడు. "వీరు మా అన్నయ్య. ఒక్క తల్లి పిల్లలం."

పెద్దమనిషి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "అలాగా, పోలిక ఉంది," అని నవ్వాడు. బల్ల కొనుక్కుని వెళ్ళిపోయాడు. అన్న ఆయన ముందు నవ్వుతూనే ఉన్నాడు. ఆయన వెళ్ళాక కూడా కోప్పడలేదు. సాయంత్రం టేపు షెడ్డులోకి వచ్చి, పనివాళ్ళెవరూ ఇకమీదట షోరూంలోకి రాకూడదట, సామాను వెనక తలుపు దగ్గర దించితే చాలట అని చెప్పిపోయాడు. "పనివాళ్ళెవరూ" అంటున్నప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేకపోయాడు పాపం.

ఇంటికొచ్చేసరికి పిచ్చుక బల్ల దగ్గర కూర్చుని రాసుకుంటోంది. ఆయన చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, వెళ్ళి దాని వెనక నిలబడ్డాడు. ఇవాళ చెప్పాననీ, అందరి ముందూ చెప్పాననీ దానికి చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పదేళ్ళ పిల్ల ముందు తండ్రి తన ధైర్యం తనే చెప్పుకోవడం ఎలాగో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"ఇవాళ షాపులో..." అన్నాడు.

"నాన్నా, లైటుకి అడ్డమొస్తున్నావు," అంది పిచ్చుక, వెనక్కి తిరగకుండానే. "కొంచెం జరుగు."

ఆయన పక్కకు జరిగాడు.