మోకాలి కింద

ఆయన ఆఫీసుకి బయలుదేరేటప్పుడు గేటు తీయడం నా పని. పొయ్యి తగ్గించి తడిచేతులతోనే పరుగెత్తాలి. ఆ గేటు ఒక పట్టాన కదలదు. నేను దానితో కుస్తీ పడుతుంటే ఆయన హారన్ కొడుతూ కారుని నా మీదికి జానెడు జానెడు జరుపుతారు. ఉలిక్కిపడితే నవ్వుతారు. "ఇలాగైతేనే నీ ఒళ్ళు కదులుతుంది" అంటారు. గుమ్మంలోంచి అత్తగారు "వాడి సరదా వాడిది" అంటారు. నేనూ సరదా అనే అనుకున్నాను. అనుకోకపోతే మర్నాడు మళ్ళీ గేటు దగ్గరికి ఎలా వెళ్ళను?

మొన్న సాయంత్రం, మళ్ళీ ఉద్యోగంలో చేరతానన్నాను. ఆయన టీవీ సౌండు పెంచారు. నిన్న పొద్దున హారన్ మోగలేదు. వెనక్కి తిరిగేలోపే కాలు ఫెళ్ళుమంది. బానెట్ మీద పడ్డాను, తల అద్దానికి కొట్టుకుంది, ఆ తర్వాత నేల. ఆయన దిగి ముందు బానెట్ మీది సొట్ట తడిమి చూసుకున్నారు.

"బ్రేకు నొక్కుతూనే ఉన్నా, నువ్వే అడ్డమొచ్చావ్" అన్నారు దారిలో. "ఆస్పత్రిలో మాత్రం మెట్ల మీద జారానని చెప్పు. పరువు పోతుంది."

అత్తగారు ఫోన్ చేశారు. "కాలు విరగ్గొట్టుకుని కూర్చుంటే ఇంట్లో పనెవరు చేస్తారే?"

ఇద్దరికీ తలూపాను. నెత్తురు కారుతున్నా ఆ తలకి ఊగే అలవాటు పోలేదు.

ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూసి, ఆయన్ని బయట కూర్చోమంది.

"మెట్ల మీద జారితే ఇలా విరగదమ్మా. కారు గుద్దితే ముందు బంపర్ కాలికి తగులుతుంది. మనిషి బానెట్ మీద పడితే తల అద్దానికి కొట్టుకుంటుంది. ఆ గుర్తులన్నీ నీ ఒంటి మీదే ఉన్నాయి."

"బ్రేకు వేశారండీ" అన్నాను. అప్పుడు కూడా ఆయన్నే వెనకేసుకొచ్చాను.

డాక్టరమ్మ ఎక్స్‌రేలో విరిగిన చోట వేలు పెట్టి చూపించింది. "గట్టిగా బ్రేకు వేస్తే కారు ముక్కు కిందికి వంగుతుంది. దెబ్బ ఇంకా కింద, చీలమండ వైపు తగులుతుంది. నీకు మోకాలి కిందే తగిలింది. ఖాయంగా చెప్పలేను గానీ, వేసినట్టు లేదమ్మా."

కాలి నొప్పి ఒక్కసారిగా దూరమైపోయింది. సరదా, తొందర, కోపం... ఇన్నేళ్ళూ ఆయన చేసినదానికల్లా ఓపిగ్గా పేర్లు పెట్టుకుంటూ వచ్చింది నేనే. దీనికి పెట్టడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

తలుపు తోసుకుని ఆయన లోపలికి తొంగిచూశారు. "అయిందా? ఇంటికి పోదామా?"

నేను ఆయన వైపు చూడలేదు.

"నన్ను గుద్దింది ఇతనే డాక్టరుగారూ. పోలీసుల్ని పిలవండి."