ఏం ఒప్పుకున్నట్టు?

ఆ కళ్ళద్దాల దుకాణంలో ముందు గది నిండా మాటలు, వెనక గది నిండా మిషను చప్పుడు. ఆమె వెనక గదిని ఏరికోరి అడిగి తీసుకుంది. అద్దం అంచులు అరగదీసి, ఫ్రేములో బిగించి, గుడ్డతో తుడిచి ట్రేలో పెడితే ఆమె పని అయిపోతుంది. ముక్కు మీద నొక్కుకుంటోందనీ, చెవి వెనక గుచ్చుకుంటోందనీ వచ్చే గొడవలన్నీ ముందు గదిలో వాళ్ళ నెత్తిన పడతాయి.

మనుషులంటే ఆమెకు అయిష్టమేమీ లేదు. మాట్లాడాల్సి వస్తుందంటేనే కంగారు. ఫోన్ మోగితే అది ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చుని, తర్వాత "ఫోన్ చేశారా?" అని మెసేజ్ పెడుతుంది. ఒకసారి జ్వరం వచ్చి వెళితే డాక్టరు "త్వరగా కోలుకోండి" అన్నాడు. "మీరు కూడానండీ" అనేసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ దిండులో మొహం దాచుకుంటుంది. దారిలో ఎవరికైనా వస్తానని చెప్పాక ఇద్దరూ ఒకే వైపు నడవాల్సి వస్తే, వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ వాళ్ళు మలుపు తిరిగేదాకా లేవదు.

ఒక్క ఈతకొలనులోనే ఆమెకు ప్రాణం హాయిగా ఉండేది. పనికి వెళ్ళేముందు పొద్దున్నే వెళ్ళి, ఒళ్ళు అలిసేదాకా ఈది వచ్చేది. అలా వచ్చిన ఒక పొద్దున, తడి జుట్టుతో లిఫ్ట్ ఎక్కితే లోపల పై అంతస్తు మాస్టారు ఉన్నారు. భూగోళం చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడూ తల ఊపి ఊరుకునే ఆయన ఆ రోజు గొంతు సవరించుకుని ఏదో అడిగారు. చిన్నమాట కాదు, చాలా పొడుగ్గానే అడిగారు. ఆమె రెండు చెవుల్లోనూ నీళ్ళు. ఆయన మాటలు పక్కింటి గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినిపించాయి.

"ఏంటండీ?" అంది. ఆయన మళ్ళీ చెప్పారు, ఈసారి ఇంకాస్త నెమ్మదిగా. ఆమె మళ్ళీ "ఆఁ?" అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేల చూపులు చూస్తూ మూడోసారి గొణిగారు. ఇంకోసారి అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. మొహం నిండా నవ్వు పులుముకుని, "తప్పకుండానండీ, దానిదేముంది" అంది. మాస్టారు బిత్తరపోయి చూశారు. ఈలోగా ఆమె అంతస్తు వచ్చింది. బతుకు జీవుడా అని బయటపడింది.

ఇంట్లో అక్కకు చెబితే అక్క నవ్వలేదు, నెత్తి కొట్టుకుంది. పైకి వెళ్ళి అడిగేస్తే పోతుంది కదా అంది.

"ఏమని అడగనే? మీరు అడిగినదానికి ఒప్పుకున్నాను, అదేంటో కాస్త చెప్పండి అనా?"

ఆ రోజు నుంచి ఆమె లిఫ్ట్ మానేసింది. బయటికి వెళ్ళేముందు తలుపుకు చెవి ఆనించి, మెట్ల మీద అలికిడి లేదని తేల్చుకున్నాకే గడియ తీసేది. చిత్రమేమిటంటే మాస్టారు కూడా ఎక్కడా ఎదురుపడలేదు. ఒకసారి మాత్రం ఆమె మెట్లెక్కుతుంటే పైనుంచి దిగుతూ కనబడ్డారు. ఆమెను చూసిన మరుక్షణం ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుని, గిరుక్కున తిరిగి పైకి వెళ్ళిపోయారు. ఆ పూటకు గండం తప్పిందనుకుంది.

కానీ రెండు రోజులకే గేటు దగ్గర మాస్టారి కూతురు దొరకబుచ్చుకుంది. ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నాన్నగారు చెప్పారండీ, మీరు ఒప్పుకున్నారట. మా పెద్ద బెంగ తీర్చారు" అంది. ఇదే అదను, ఇప్పుడైనా నిజం చెప్పేయవచ్చు. చెప్పేదే. కానీ నోరు తెరిస్తే "అయ్యో, ఇందులో ఏముందండీ" అన్న మాట దానంతట అదే వచ్చింది. ఆదివారం పొద్దున్న ఆయన్ని కిందికి తీసుకురావాలా, ఆమే పైకి వస్తుందా అని కూతురు అడిగింది. నేనే వస్తానని చెప్పి, ఇంట్లోకొచ్చి తలుపు వేసుకుని దానికే ఆనుకుని నిలబడిపోయింది.

అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుని ఆలోచించారు. మాస్టారింట్లో ఒక పిల్లి ఉంది, బిల్డింగులో అది రక్కని చెయ్యి లేదు. వాళ్ళు ఊరికి వెళుతూ దాన్ని అప్పగిస్తారేమోనని ఆమె భయం. అక్క మాత్రం అదేం కాదనీ, మాస్టారు బిల్డింగు సెక్రటరీ పదవి వదిలేసి చెల్లెలికి అంటగడుతున్నారనీ తేల్చింది. అంటే ప్రతి నెలా మీటింగులో అందరి ముందూ లేచి మాట్లాడాలి. దానికంటే పిల్లే నయమనిపించింది. ఆదివారం దాకా ముళ్ళ మీద కూర్చున్నట్టే గడిపింది. దుకాణంలో ఒకాయన కుడి అద్దాన్ని ఎడమ వైపు బిగించి, మళ్ళీ ఊడదీసింది.

ఆదివారం పొడుగు చేతుల చొక్కా వేసుకుంది, పిల్లి కోసం. మెట్లెక్కుతూ "అందరికీ నమస్కారం" అని గొణుక్కుంది, మీటింగు కోసం. బెల్లు నొక్కింది. తలుపు తీసింది మాస్టారే. నెత్తికి బిగుతైన రబ్బరు టోపీ, నుదుటి మీద ఈత కళ్ళజోడు, భుజాన తువ్వాలు. కాళ్ళకు మాత్రం రోజూ వేసుకునే నల్లబూట్లు.

ఆమెకు విషయం అర్థం కావడానికి ఒక్క నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఒంట్లో ఉన్న బరువంతా ఒక్కసారి దిగిపోయింది. ఈత. ఇంతకాలం తాను వణికిపోయింది ఈత నేర్పడానికా! మనుషులతో చేయాల్సిన పనులన్నిటిలోకీ ఆమె భయం లేకుండా చేయగలిగింది అదొక్కటే.

కూతురు కారు తీస్తానని కిందికి దిగింది. ముందు గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు కుర్చీ అంచు మీద కూర్చుని తువ్వాలు మెలిపెడుతున్నారు. మొహంలో నెత్తురుచుక్క లేదు. తేలికపడ్డ ప్రాణం ఆమె నోటిని కూడా తేలిక చేసినట్టుంది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. ఆ రోజు లిఫ్టులో మీరు అడిగింది నాకు వినపడలేదు. చెవుల్లో నీళ్ళున్నాయి."

ఆయన తలెత్తారు. "ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా."

మాస్టారు భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు.

"నువ్వు కాదంటావనే ధైర్యంతో అడిగానమ్మా. ఎవరినీ పలకరించని పిల్లవి, నాకెందుకీ తద్దినం అంటావనుకున్నాను. అడిగాను, కుదరదట అని మా అమ్మాయికి చెప్పేద్దామనుకున్నాను. నువ్వేమో తప్పకుండా అనేశావు. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు."

ఎండాకాలం సెలవులకు అందరూ సముద్రం ఒడ్డుకు వెళుతున్నారట. ఈసారి నాన్న నీళ్ళలో దిగి తీరాలని కూతురు పట్టుబట్టిందట. బడిలో సముద్రాల లోతులు కళ్ళు మూసుకుని చెప్పిన మనిషి ఇన్నేళ్ళలో మోకాలు తడుపుకోలేదు. పెళ్ళయిన కొత్తలో భార్య నీళ్ళలో నిలబడి చేయి చాపినా, జలుబు చేసిందని చెప్పి ఒడ్డున అందరి చెప్పులకూ కాపలా కూర్చున్నారు. ఆ జలుబు ఆయనకు ఇప్పటికీ తగ్గలేదు.

"అయితే మానేద్దామా అండీ?" అంది ఆమె.

"మానేద్దాం. అమ్మాయితో నువ్వు చెబుతావా?"

"మీ అమ్మాయి కదండీ."

కింద హారన్ మోగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయికి ఎదురు చెప్పడం కంటే నీళ్ళే సులువనిపించింది ఇద్దరికీ. లేచి మెట్లు దిగారు. దారిలో ఆమె తన ఇంట్లోంచి ఈత బట్టల సంచీ తెచ్చుకుంది.

కొలను దగ్గర ఆమె మరో మనిషి. గొంతులో తడబాటు లేదు. నడుము లోతు చోటు చూపించి, కమ్మీ పట్టుకోమంది, ఊపిరి వదలమంది, తొందరేమీ లేదంది. మాస్టారు ఒక్కో మెట్టూ దిగి, కమ్మీని రెండు చేతులా కరుచుకుని నిలబడ్డారు. కానీ మొహం ముంచమంటే మాత్రం ససేమిరా అన్నారు. గడ్డం దాకా వంగడం, లేచిపోవడం. ఆమె విసుక్కోలేదు. అసలు రోజూ ఎందుకొస్తావని ఆయన అడిగితే, నీళ్ళ కింద ఎవరూ పలకరించరు కాబట్టి అని ఉన్నమాట చెప్పింది. అందులో న్యాయం ఉందన్నట్టు ఆయన తలాడించారు.

అప్పుడే గట్టు మీద నుంచి ఒక కంచుగొంతు, "మాస్టారూ, మీరేనా?" అంది. ఒకప్పుడు ఆయనతో కలిసి అదే బడిలో పనిచేసిన డ్రిల్లు మాస్టారట. టోపీ, కళ్ళజోడు, కమ్మీ పట్టుకున్న తీరు, అన్నీ ఎగాదిగా చూస్తూ ఇటే వస్తున్నాడు.

మాస్టారు ఆమె వంక బేలగా చూశారు. మరుక్షణం కళ్ళజోడు కిందికి లాగి, బుడుంగున మునిగిపోయారు. ఆమెకూ ఆ కొత్తమనిషికి ఏం సమాధానం చెప్పాలో తోచక, ఆయన వెనకే మునిగింది. నీళ్ళలో ఇద్దరూ ఎదురెదురుగా, బుగ్గలు ఉబ్బించుకుని ఒకరినొకరు చూసుకున్నారు.

మాస్టారు దగ్గుతూ పైకి లేచి, కళ్ళు గట్టిగా మూసుకునే అడిగారు.

"వెళ్ళాడా?"

"లేదండీ. చొక్కా విప్పుతున్నాడు, ఆయనా దిగేట్టున్నాడు."

మాస్టారు నిండా ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగారు. ఈసారి కమ్మీ మీద ఆయన చేతులు లేవు. బెంచీ మీద కూర్చున్న కూతురు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఒక్క పూటలో ఎంత బాగా నేర్పారండీ అని ఇంటికెళ్ళే దారి పొడుగునా మెచ్చుకుంటుంటే, వెనక సీట్లో ఇద్దరూ కిటికీల్లోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.