బొడ్డు దగ్గర ఖాళీ

నడుము నుంచి మోకాళ్ల దాకా పచ్చబొట్టు పడింది. తొమ్మిది రోజులు పళ్లు బిగబట్టి భరించాడు అపెరామో. ఇక మిగిలింది బొడ్డు ఒక్కటే, అది రేపు పొద్దున. అది పడకపోతే చచ్చేదాకా 'ముటు' అంటారు. సగంలో లేచి వెళ్లిపోయిన పిరికివాడని అర్థం. ఇంటిల్లిపాదికీ తలవంపులు. పోనీ ఇంకొకరితో వేయించుకుందామంటే, ఒకరు మొదలెట్టినదాన్ని ఇంకొకరు ముట్టుకోరు. పైగా వేస్తున్నది ఫెరెటి గారు, సవాయి దీవిలో దేవుడి తర్వాత దేవుడు.

అయినా అతనికి కుదురు లేదు. వారం రోజులు తల దగ్గర కూర్చుని విసురుతూ పాటలు పాడిన అక్క లూపె, నిన్నటి నుంచి పాక స్తంభం అవతల కూర్చుంటోంది. పాడుతోంది గానీ ఇటు చూడడం లేదు.

సాయంత్రం సముద్రంలో పుళ్లు కడుక్కుంటూ నిలదీశాడు.

"ఏమైందే అక్కా?"

"ఏం లేదురా. రేపటితో అయిపోతుందిగా."

"నా మీద ఒట్టు, చెప్పు."

"నాకూ పచ్చబొట్టు వేస్తానన్నాడుగా ఆయన. కొలత చూస్తానని లోపలికి పిలిచి చెయ్యి ఎక్కడో వేశాడు. వద్దన్నా వదల్లేదు. కొరికి బయటపడ్డా."

"ఎప్పుడు?"

"మొన్న."

"మొన్నా? మరి నిన్నంతా కూర్చుని నాకు పాడావు!"

"నీ బొడ్డు మిగిలుంది కదరా."

అక్క కంటనీరు తమ్ముడికి శాపమని నమ్మే ఊరు అది. తొడ వైపు చూసుకున్నాడు. గీతల్లో వెంట్రుకవాసి తేడా లేదు. ఎంత బాగుందో! అంత బాగుండడమే ఒళ్లు మండించింది.

"చేతి పని వేరు, మనిషి వేరురా. ముందు బొడ్డు వేయించుకో, తర్వాత పెద్దల్లో పెడదాం" అంది విషయం విన్న తల్లి. తర్వాత అంటే ఎప్పటికీ కాదని ఆవిడకీ తెలుసు.

పొద్దున చాప మీద పడుకున్నాడు. ఫెరెటి పొట్ట మీద అరచెయ్యి ఆనించి చర్మం సాగదీశాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. అపెరామో దాన్ని నెట్టేసి లేచాడు.

"బతుకంతా ముటు అంటారురా!" అరిచాడు ఫెరెటి.

"అననీ."

లూపె ఏడుస్తూ వెంటపడింది. "ఏం పని చేశావురా వెధవా! కనబడ్డవాడల్లా ఎందుకాపావని అడుగుతాడు!"

"అడుగుతారే. ఏం చెప్పమంటావు?"

అంతలో ఎదురొచ్చిన మేనమామ, మేనల్లుడి పొట్ట చూసి ఆగిపోయాడు. "ఏరా, బొడ్డేదిరా?"

అపెరామో నోరు తెరిచేలోపే లూపె కళ్లు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.