అగ్గి దారి

తెలుగువాళ్ళు దీపం ఆరిపోయిందని అనరు, కొండెక్కిందంటారు. కామేశ్వరమ్మ ఇంట్లో మాత్రం అది మాటవరసకి అనే మాట కాదు. సాయంత్రం గంజి వార్చేశాక పొయ్యిలో నిప్పు కిందికి దిగుతుంది, గడప దాటుతుంది, ఇంటి వెనక ఇసుక దిబ్బ ఎక్కిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఆ పేటలో కొండ లేదు మరి, ఉన్నదాంతో సర్దుకోవాలి కదా. తెల్లారేసరికి మళ్ళీ వచ్చి పొయ్యిలో కూర్చుంటుంది. ఇరుగుపొరుగు దారిలో పరిచిన వలలు కాస్త పక్కకి లాగుతారు, అంతే.

కిందటి వేసవిలో వచ్చిన నిప్పు వేరు. అది జీడితోటల్లో ఎండుటాకుల మధ్య పుట్టి, ఎవరింటిదీ కాకుండా వచ్చి, తాటాకిళ్ళ వరసంతా తినేసి పోయింది. మోకాళ్ళు పడిపోయిన అత్త జగదాంబని నలుగురు వలలో వేసి ఒడ్డుకి మోసుకెళ్ళారు. అప్పట్నుంచీ ముసలామెది ఒకటే ప్రశ్న.

"మల్లీ వత్తే నన్నెవులు మోత్తారే? నువ్వు సేపలెండెట్టడానికి ఎల్తావు. మగోలు ఏటకెల్తారు. నానేటవ్వాల?"

ఇల్లు కాలాక వేసుకున్న రేకుల షెడ్డులో అత్త మంచం పక్కన పడుకుని కామేశ్వరమ్మ కూడా అదే ఆలోచించేది. అత్తని ఒంటరిగా వదిలి వెళ్ళిన ప్రతిసారీ ఆమెకి భయంగా ఉండేది.

అంతలో ఒక సంస్థవాళ్ళు వచ్చారు. నిప్పంటుకోని ఇళ్ళు కట్టిస్తామన్నారు, మొదటిది కామేశ్వరమ్మకే. విశాఖ నుంచి ఇద్దరు దిగారు. దీప్తి ఆర్కిటెక్టు, ఇల్లు గీస్తుంది. త్రినాథ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు, ఇంటి చుట్టూ ఉండేదంతా గీస్తాడు.

"చూరు కింద సందుల్లేకుండా మూసేస్తామమ్మా. కిటికీలకి సన్నటి జాలీ. రవ్వ కూడా లోపలికి రాదు," అంది దీప్తి.

"గోడ పక్కన కట్టెలు, కమ్మలు, వలలు ఏవీ ఉండకూడదు. చుట్టూ కంకర పోద్దాం. ఆ జీడిచెట్టు కొట్టేయాలి," అన్నాడు త్రినాథ్.

"కొట్టేస్తే నా గోడకి నీడేది? ఇల్లు పెనంలా కాలిపోతుంది."

"నీడ కోసం నిప్పుని పిలుస్తామా?"

ఇద్దరూ కాగితం మీద పెన్సిళ్ళతో పోట్లాడుకున్నారు. ఎవరు మాట్లాడితే వాళ్ళదే నిజమనిపించి కామేశ్వరమ్మకి బుర్ర తిరిగిపోయింది. ఇద్దరూ మంచివాళ్ళే, అత్త కోసమే తిప్పలు పడుతున్నారు. కానీ రవ్వ కూడా దూరని ఇంట్లోకి పొద్దున్నే తన నిప్పు ఎలా వస్తుంది? అసలు అన్నం ఎలా ఉడుకుతుంది?

చివరికి ధైర్యం చేసి, "బాబూ, అగ్గికి దారొగ్గీయండి," అంది.

త్రినాథ్ ముఖం వెలిగిపోయింది. "ఫైరింజన్‌కి దారా! నేనే అడుగుదామనుకుంటున్నానమ్మా. లారీ పట్టేంత వెడల్పు పెడదాం."

కామేశ్వరమ్మ తెల్లబోయింది. తన నిప్పు చూస్తే కోడిపెట్టంత. దానికి లారీ ఎందుకు? టౌనులో నిప్పు నడవదేమో, బండెక్కి తిరుగుతుందేమో అనుకుంది. అడిగింది దొరుకుతున్నప్పుడు ఎందుకూ ఏమిటీ అనడం మంచిది కాదని ఊరుకుంది. వంటింటి గుమ్మం నుంచి దిబ్బ దాకా చెట్టూ చేమా లేని కంకర దారి పడింది.

కొత్తింట్లో మంచం మీంచి అది చూసి, "ఇంతెడల్పేటే? ఊరేగింపెల్లిపోద్ది!" అంది జగదాంబ.

మళ్ళీ వేసవి వచ్చింది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పులుసు పెట్టి కామేశ్వరమ్మ ఒడ్డుకెళ్ళింది. చేపలు తిరగేస్తూ తలెత్తితే జీడితోటల మీద పొగ. పరుగెత్తింది. ఇసుకలో కాళ్ళు దిగబడుతున్నాయి.

చెట్టంత మంట ఇంటి మీదికి వస్తోంది. పొయ్యిలో ఉండవలసిన తన నిప్పు వేళ కాని వేళ కిందికి దిగి, కంకర దారి మొదట్లో నిలబడి ఉంది. పెద్దదాన్ని ఒకసారి చూసింది. తర్వాత రోజూలాగే తన దారిన తాను నడిచింది. బాజావాడి వెనక పెళ్ళివారిలా పెద్ద మంట దాని వెంట పడింది. దారి నిండా సరిపోయింది. రెండూ దిబ్బ ఎక్కాయి, కనబడకుండా పోయాయి.

జగదాంబ మంచం మీదే ఉంది. "పులుసు సగంలో ఒగ్గీసి ఎక్కడికెల్లిపోనావే?" అని కసురుకుంది. కామేశ్వరమ్మ ఆమె కాళ్ళు పట్టుకుని ఏడ్చింది.

అన్నీ అయ్యాక ఫైరింజన్ వచ్చింది, ఆ దారినే. మర్నాడు వచ్చి చూసి నా కంకర ఆపిందని త్రినాథ్ అన్నాడు, నా చూరు కాపాడిందని దీప్తి అంది. అవునమ్మా, అవును బాబూ అంది కామేశ్వరమ్మ. ఏది ఆపిందో ఆమెకీ తెలియదు.

నిప్పు మాత్రం తిరిగి రాలేదు. కామేశ్వరమ్మ పక్కింట్లో వండుకుని తెచ్చుకుంటూ, రోజూ పొద్దున్నే దాని కోసం గుమ్మంలో కూర్చునేది. ఇంటి ఫొటోలకని దీప్తి వచ్చిన ఉదయం అది దిబ్బ దిగుతూ కనిపించింది. దాని వెనక ఇంకొకటి, కోడిపిల్లంతది, తల వంచుకుని. కాలిన జీడాకు వాసన. దీప్తి చున్నీ పక్కకి తీసుకుని దారిచ్చింది.

కామేశ్వరమ్మ ఆ వాసన గుర్తుపట్టింది. ఇప్పుడు చిక్కిపోయింది గానీ, కిందటేడు తన ఇల్లు తిన్నది అదే. ఒళ్ళు మండిపోయి నీళ్ళ బిందె ఎత్తింది.

"దించీయే," అంది లోపల్నుంచి జగదాంబ. "అదీ ఇల్లు లేకే అలాగ తిరిగీసింది. రానీ."

కామేశ్వరమ్మకి కోపం పోలేదు. ఎత్తిన బిందె చంకలోకి దించుకుంది, కింద మాత్రం పెట్టలేదు. దీప్తి మూడు ఇటుకలు తెచ్చి పొయ్యి పక్కన ఇంకో పొయ్యి పేర్చింది. చిన్నది మెల్లగా వెళ్ళి అందులో ఒదిగి కూర్చుంది.

కామేశ్వరమ్మ బిందెలో నీళ్ళు గిన్నెలోకి వంచి, తన ఇంటికి ఎసరు పెట్టిన నిప్పు మీదే అన్నానికి ఎసరు పెట్టింది.