పచ్చదారి

ఫోటో తీయడం అయిపోగానే హెల్మెట్లు వెనక్కి లాక్కున్నారు. సైకిలు మీద ఫ్యాక్టరీకి వచ్చే పదకొండుమందికీ కలిపి తెచ్చినవి ఆరు. అవి నెత్తిన పెట్టి పట్టుమని పది నిమిషాలు కాలేదు, గుమాస్తా లెక్కపెట్టుకుని సంచిలో వేసుకున్నాడు. పొట్టి వెల్డరుకి ఒళ్లు మండిపోయింది. భద్రతా వారోత్సవమట, సిగ్గులేని మనుషులు!

అతని బావదీ ఇక్కడే పని. నాలుగు రోజులుగా తొడ ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. ఇద్దరూ పదేళ్లుగా ఊరినుంచి పద్నాలుగు కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తున్నారు. ఊరి రోడ్డుకి దీపాలుండవు, గుంతలకి కొదవుండదు, లారీలు మీదమీదకి వస్తాయి. అయినా దానికో పద్ధతుంది. వెనక హారన్ మోగిందా, తల తిప్పకుండా పక్కనున్న మట్టిలోకి దిగిపోవాలి. పట్నంలో మట్టి లేదు. సైకిళ్లకని పచ్చరంగు పూసిన దారి ఉంది, దానినిండా కార్లుంటాయి.

ఆ రోజు బస్సు హారన్ కొట్టింది. బావ అలవాటుకొద్దీ పక్కకి దిగాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర పచ్చదారిలో ఆగివున్న కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకుని అతన్ని ఎత్తి పడేసింది. కారులోంచి దిగింది ఫ్యాక్టరీ మేనేజరే. వెనకాలే వస్తున్న వెల్డరు కళ్లారా చూశాడు.

ఇప్పుడా మేనేజరే గదిలోకి పిలిచి కాగితం ముందుకు తోశాడు.

"సాక్షిగా సంతకం పెట్టవయ్యా. మీ బావ చూసుకోకుండా అడ్డమొచ్చాడని రాశాం. అంతేగా?"

"తలుపు సంగతి రాయలేదేంటి సార్?"

"తలుపుదేముంది! పల్లెటూరి తొక్కుడు పట్నంలో తొక్కితే ఇంతే మరి. గొడవ లేకపోతే మీవాడి ఉద్యోగం ఉంటుంది. నీ మంచికే చెబుతున్నా."

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. కానీ పొద్దున ఆస్పత్రిలో అక్క చెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టెయ్యరా. ఈ పని పోతే పిల్లలతో నేనెలా బతకను?" అంది.

పెన్ను తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, మళ్లీ బల్లమీద పెట్టేశాడు.

"పక్కకి దిగితే చోటుంటుందనుకున్నాడు సార్, మా బావ చేసిన తప్పు అదొక్కటే. అది రాయండి. సైకిళ్ల దారిలో మీ కారెందుకుందో అదీ రాయండి. అప్పుడు పెడతా."

"పని పోతుందిరా, ఇద్దరికీ!"

అక్కకి ఏం చెప్పాలో వెల్డరుకి తెలియలేదు. బయటికొచ్చి సైకిలెక్కాడు. గేటు దాటగానే పచ్చదారిలో అదే కారు, అదే చోట ఆగి ఉంది. దాన్ని తప్పించుకుని రోడ్డు మీదకి వచ్చాడు. వెనక బస్సు హారన్ కొట్టింది, మళ్లీ కొట్టింది.

అతను పక్కకి దిగలేదు.