నడవకి అటూ ఇటూ

పొద్దున్నే ఇస్త్రీ కొట్టుకి బయల్దేరుతూ కోడలు కాగితాల సంచీ భుజానికి తగిలించుకునేది. ఆ సంచీ మోసీ మోసీ ఆమె ఎడమ భుజం జానెడు కిందకి దిగిపోయిందని కొట్లో వాళ్లంతా ఒట్టేసి చెబుతారు. విడాకుల కాగితాలంటే మాటలా! పెళ్లికి ఒక్క సంతకం చాలు, అదీ పళ్లికిలిస్తూ పెట్టేస్తారు. విడిపోవడానికి మాత్రం తాతముత్తాతల పుట్టుమచ్చల దాకా అడుగుతారు.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. చెడ్డవాడేం కాదు. తాగడు, తిట్టడు, కొట్టడు, మాట్లాడడు. అతను మాట్లాడక, ఈమె కూడా మాట్లాడని రోజున ఇంట్లో నడవ కాస్త పొడుగయ్యేది. వంటిల్లూ ఆమె గదీ ఈ చివర, అతని గది ఆ చివర. మొదట్లో ఒక పలక మేర పెరిగింది, ఆ తర్వాత ఒక మంచం మేర. అలా పెరిగి పెరిగి, కంచంలో వేడివేడి కూర పెట్టుకుని బయల్దేరితే అతని గది చేరేసరికి చల్లారిపోయేది. చివరికి అతను అక్కడే ఒక స్టవ్వు పెట్టుకున్నాడు. కరెంటు మనిషి వచ్చి, తెచ్చిన తీగ చాలక, ఇంకో చుట్ట తెప్పించి లాగి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఆ నడవలోనే, కిటికీ పక్కన, అత్తగారి కుర్చీ. పగలంతా ఆవిడ అక్కడే. వాళ్లిద్దరి మధ్యా వార్తలు చేరవేసేది ఆవిడే.

"ఒరేయ్! గ్యాసు అయిపోయిందటరా!" అని అటు తిరిగి కేకేసేది. ఆ గొంతుకి వీధిలో బస్సులు తమని కాదు కదా అని రెండుసార్లు చూసుకుని మరీ కదిలేవి. చాలాసేపటికి అటునుంచి ఏదో సన్నగా వినిపించేది. "రేపు చూస్తాడటే," అని ఇటు తిరిగి చెప్పేది.

కోడలికి ఈ పెళ్లి నుంచి బయటపడాలని ఉంది. పోట్లాటకి కూడా ఓపిక లేక, ఊరికే బయటపడాలని. అడ్డం వచ్చేది ఒక్కటే. విడాకులైతే అత్తగారు కొడుకు లెక్కలోకి వెళ్లిపోతుంది. ఆ కొడుకు పొద్దున లిఫ్టు గోతిలోకి దిగితే సాయంత్రానికి గానీ పైకి తేలడు. అక్కడ ఆవిడ నోట్లో చుక్క నీళ్లు పోసే దిక్కుండదు.

"అత్తయ్యా, ఈ కాగితాలు పూర్తయితే మీకూ నాకూ ఏ సంబంధమూ ఉండదట."

"ఎవడే అన్నది?"

"కళ్లజోడు గుమస్తా."

"వాడి కళ్లజోడు బద్దలైపోను! నువ్వు ముందు కాగితాలు తే. నీ మొహం చూడలేక చస్తున్నాను, పిండి ఆరేయడం మర్చిపోయిన గుడ్డలా ఉన్నావు."

కాగితాలు తేవడమంటే తల ప్రాణం తోకకి రావడమే. పెళ్లి సర్టిఫికెట్టు అడిగితే, ఆ ఏడాది రికార్డు పురుగులు తిన్నాయన్నారు. ఆ ముక్క కాగితం మీద రాసిమ్మంటే, రాసే మనిషి సెలవన్నారు. అఫిడవిట్టు తీసుకెళ్తే స్టాంపు వేసే ఆయన ఇంకు లేదన్నాడు. ఇంకు దొరికిన రోజున ఆయన దొరకలేదు. ఇద్దరూ కలిసున్న ఫొటో కావాలన్నారు. ఇల్లంతా తిరగేస్తే ఒక్కటే దొరికింది, అందులో అతని కళ్లు మూసుకునే ఉన్నాయి. ఇక ఆఫీసులో వరస సంగతా! ఆ వరసలో చంకనెక్కి వచ్చిన పిల్లలకి కౌంటరు దగ్గరికొచ్చేసరికి మీసాలు మొలిచేవి.

ఎట్టకేలకు కళ్లజోడు గుమస్తా కట్టంతా తిరగేశాడు.

"విడిగా ఉంటున్నారా?"

"విడిగానేనండీ. నడవకి ఈ చివర నేను, ఆ చివర ఆయన."

"నడవ ఏమాత్రం ఉంటుంది?"

"పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరొచ్చు. దారిలో కూర్చోకపోతే."

"మా పిన్నివాళ్లింట్లో కూడా అలాగే అయిందిలెండి," అన్నాడు గుమస్తా ఆవలిస్తూ. "తలుపులు ఎన్ని?"

"ఒకటే."

"ఒక్క తలుపంటే ఒకే ఇల్లు. ఒకే ఇల్లంటే కలిసున్నట్టే. రెండు చిరునామాలు పట్రండమ్మా."

ఆ రోజు కోడలు మెట్లమీదే కూలబడింది. ఏడుద్దామనుకుంది గానీ, అందుకు కూడా కాస్త బలం కావాలి కదా.

కొన్నాళ్లకి, ఆమె ఎవరిదో పెళ్లి కోటు ఇస్త్రీ చేస్తుండగా ఫోను మోగింది.

"నేనే," అన్నాడు భర్త. "నా గది గోడకి తలుపు పెట్టాను. తెరిస్తే వేరే వీధి ఉంది."

"ఏ వీధి?"

"రొట్టెల దుకాణాల వీధి. వాసన బాగుంది."

"పోనీలెండి. పొద్దున ఆకలేస్తే వంట చేసుకోనక్కర్లేదు."

"అదే అనుకున్నా."

ఇద్దరూ అన్ని మాటలు మాట్లాడుకుని ఎన్ని యుగాలైందో! ఇటు కోటు మాడినంత పనైంది. ఆ మరుసటి వారమే ఎవరో వచ్చి ఆ తలుపుకి కొత్త నంబరు కొట్టి వెళ్లారు.

గుమస్తా ఆ నంబరు చూసి సంతోషించాడు. "బాగుంది. మరి మధ్యలో గోడ ఏదమ్మా? గోడ లేకపోతే రెండిళ్లెలా అవుతాయి? సరిగ్గా సగానికి కట్టించండి. ఒకరికెక్కువ, ఒకరికి తక్కువైతే మళ్లీ నా దగ్గరికే వస్తారు."

ఆదివారం తాపీమేస్త్రి వచ్చాడు. భర్త కూడా తెల్లారకముందే బయల్దేరి నడుచుకుంటూ వచ్చి, తల్లి కుర్చీ పక్కన నేలమీద చతికిలబడ్డాడు.

"అమ్మా, కుర్చీ అటు పట్టుకెళ్తాను. గోడ కడితే ఇబ్బంది."

"కుర్చీ ముట్టుకున్నావంటే వేళ్లు విరిచేస్తాను! నాకు ఇక్కడ వెలుతురు కుదిరింది. గోడ కట్టాక ఈ కుర్చీ ఎటు వస్తే అటే ఉంటాను."

"కొడుకుండగా..."

"కొడుకు ఉన్నాడనే కదరా ఇంత గట్టిగా అరవడం నేర్చుకున్నాను."

ఇటే ఉండమని అడగాలనుంది కోడలికి. అడగడానికి తనకి హక్కేముంది? గోడ పడితే ఆ గొంతు అవతలే ఉండిపోతుందేమోనని మాత్రం అనుకుంది. నెత్తిమీద పెంకులు కదిలిపోయేలా అరిచే ఆ గొంతు లేకుండా ఇంట్లోకి అడుగుపెట్టడం ఎలాగో ఆమెకి తోచలేదు.

మేస్త్రి వంటింటి గుమ్మానికి తాడు కట్టి, కొలుచుకుంటూ బయల్దేరాడు. మూడంగల్లో కుర్చీ దాటాడు. తర్వాత వీపు కనిపించింది, తర్వాత టోపీ, తర్వాత అదీ లేదు. ముగ్గురూ కూర్చున్నారు. ఎండ కిటికీలోంచి వచ్చి, కుర్చీ మీదకెక్కి, దిగి వెళ్లిపోయింది. అత్తగారు ఒక కునుకు తీసింది. కొడుకు ఆవిడ చెప్పు తెగితే కుట్టాడు. సాయంత్రం మేస్త్రి ఫోను చేశాడు.

"ఆ చివరిదాకా వెళ్లొచ్చానమ్మా. సగం ఇక్కడొచ్చింది, స్కూలు మైదానం వెనకాల. మీ కుర్చీలు గిర్చీలు ఏవీ అడ్డం రావు. కట్టేయనా?"

కోడలు తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూసింది. గుమ్మం, పక్కన కిటికీ, పక్కన కుర్చీ. ఆమె కాపురానికొచ్చిన రోజున ఏది ఎక్కడుందో అక్కడే ఉంది. పెరిగిందంతా కుర్చీకి అటువైపు. భర్త కూడా అటూ ఇటూ చూశాడు. చూసి, తలదించుకున్నాడు.

"కట్టేయమను," అన్నాడు.

జేబులోంచి పెన్ను తీసి, తల్లి కుర్చీ చేతిమీద కాగితాలు పెట్టుకుని, అడిగిన ప్రతిచోటా సంతకం చేశాడు. లేచి మోకాళ్లు పట్టుకున్నాడు.

"వారం వారం వస్తానమ్మా."

"వీధి చుట్టూ తిరిగి, పెద్దమనిషిలా ముందు తలుపు కొట్టిరా. గోడకి కన్నం పెట్టేవు, అసలే తలుపులు పెట్టడం మరిగావు."

అతను నవ్వాడు. నడవలోంచి మెల్లగా వెళ్లిపోయాడు. గోడ మూసే లోపు చేరాలి కదా.

మర్నాడు గుమస్తా కట్ట పుచ్చుకుని, టేబులు కాళ్లు వణికేలా ముద్ర కొట్టాడు. ఖాళీ సంచీ ఊపుకుంటూ ఇంటికొచ్చి, కోడలు టీ పెట్టి అత్తగారి చేతికిచ్చి, పక్కనే నేలమీద కాళ్లు బారజాపుకుంది.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"అయితే ఇప్పుడు నేను నీకు ఏమవుతానే?"

"కాగితం మీదైతే ఏమీ కారు."

"హమ్మయ్య!" అత్తగారు ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టింది. "అత్తగా ఉన్నన్నాళ్లూ చెబితే సాధిస్తున్నానంటారని నోరు మూసుకున్నాను. టీ పెట్టడం నీకు చచ్చినా రాదే. రేపట్నుంచి నేనే పెడతాను, నువ్వు కాసేపు పడుకో."