రాలిన అంకాలమ్మ

కువైట్‌లోని జహ్రాలో ఆ ఇంట్లో పనికి కుదిరి అంకాలమ్మకు ఆరేళ్లయింది. పొద్దున లేస్తే తుడవడం, కడగడం, మళ్లీ తుడవడం. శుక్రవారం మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, తన ఫోనిస్తే రాయచోటికి చేసి, ఏడాది బిడ్డగా వదిలొచ్చిన శ్రీలేఖకు "వచ్చే ఏడు వస్తాలేమ్మా" అని చెప్పడం. సెలవడిగితే మామాది ఒకటే మాట. "నువ్వు పోతే ఇల్లెవరు చూస్తారు?"

మామా కూతురు దానా అంకాలమ్మ చంకలో పెరిగిన పిల్ల. రాయచోటి తెలుగు తడుముకోకుండా మాట్లాడుతుంది. ఒకరోజు సైన్సు పుస్తకం తెచ్చి చూపించింది.

"సూడు అంకాలూ, మన తోలంతా కణాలే. అడుగున కొత్తవి పుట్టి పాతవాట్ని పైకి తోస్తాంటాయి. పైకొచ్చే లోపల అవి సచ్చిపోయి దుమ్ములా రాల్తాయంట."

"నావి సావవు పాపా," అంది అంకాలమ్మ, గుడ్డ పిండుతూ.

చావడానికి వాటికి తీరికేదీ? ఆమె ఒంటినుంచి రాలిన పొట్టు పడినచోటే పని అందుకునేది. గిన్నెలమీద పడ్డది గిన్నెలు తోమేది, మెట్లమీద పడ్డది మెట్లు ఊడ్చేది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. పని జరిగితే చాలు వాళ్లకు.

ఈ రంజాన్ ముందు అంకాలమ్మ మూడురోజులు జ్వరంతో పడుకుంటే ఇల్లు అద్దంలా ఉంది. మామా సోఫా కింద వేలితో రాసి చూసుకుని, బీరువాలోంచి పాస్‌పోర్టు తీసిచ్చింది.

"నువ్వు లేకున్నా ఇల్లు నడుస్తోంది. యల్లా, రెండు నెలలు పోయి రా."

బిడ్డకు చెప్పకుండా పోయి గడపలో నిలబడాలని అంకాలమ్మ ఆశ. గాజులు కొనుక్కుని ఎయిర్‌పోర్టుకు పోయింది. వేలిముద్రల మిషన్‌మీద పదివేళ్లూ పెడితే ఒక్క గీతా పడలేదు. గీతలన్నీ జహ్రాలో గిన్నెలమీద, గొళ్లాలమీద ఉండిపోయాయి.

"అంకాలమ్మ జహ్రాలో పనిలో ఉన్నట్టు చూపిస్తోంది," అని ఆఫీసరు పాస్‌పోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. "నువ్వెవరో నీకు వీసా ఇచ్చిన కఫీల్‌నే అడుగు."

టాక్సీలో తిరిగొచ్చి బెల్లు కొట్టింది. మామా తలుపు సగమే తీసింది.

"నేను మామా, అంకాలమ్మను."

"అంకాలమ్మ లోపలుంది. ఆ పేరుమీద నా దగ్గర ఉన్నది ఒక్క ఇఖామానే, ఈ దేశంలో ఒక్క మనిషి ఉండేందుకే అనుమతి."

మామా వెనక, రాలిన పొట్టంతా ఒకచోట చేరి, అంకాలమ్మ పాత నైటీ తొడుక్కుని నేల తుడుస్తోంది. దానా ఇద్దరినీ చూసింది. తరువాత తన హోంవర్కు చూసుకుంది.

ఆరోజు శుక్రవారం. లోపలి అంకాలమ్మ మామా ఫోను ముందు పెట్టుకుని, "వచ్చే ఏడు వస్తాలేమ్మా," అంది, అచ్చం గడప బయటున్న అంకాలమ్మ గొంతుతోనే.

"అట్లే మా," అంది స్పీకర్లో శ్రీలేఖ. ఆరేళ్లూ నమ్మిన పిల్ల, ఈసారీ నమ్మింది.